ఇరవై కలపాలి

చొక్కాల మీద నీళ్ళు చిలకరించి చుట్టలు చుడుతున్నాను. గిన్నెలో చెయ్యి ముంచడం, వేళ్ళు విదిలించడం, కాలరు లోపలికి మడిచి చాపలా చుట్టి పక్కన పెట్టడం. చుట్టలో పావుగంట ఉంటే తడి బట్టంతా సమంగా పాకుతుంది, అప్పుడు ముడత తేలిగ్గా లొంగుతుంది. తల ఎత్తకుండా చేసే పని ఇది. చేతులకీ కళ్ళకీ తీరిక ఉండదుగాని చెవులు ఖాళీగా ఉంటాయి. అందుకే ఆ రోజు నాకు ముందుగా తెలిసింది చప్పుడు ఆగిపోవడం.

మా ఇంటి ముందుగదే అమ్మ ఇస్త్రీ దుకాణం. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ గదిలో ఒకటే చప్పుడు. పెట్టె ముందుకు జారుతుంది, బల్ల కిర్రుమంటుంది, పెట్టె వెనక్కి వస్తుంది. అమ్మ మాట్లాడుతున్నా, నవ్వుతున్నా, ఎవరినైనా తిడుతున్నా అది ఆగదు. ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్న ఆ ఉదయం అది ఆగింది. చూస్తే అమ్మ నిలబడే ఉంది. చెయ్యి పిడి మీదే ఉంది. కళ్ళు కిటికీ వైపు ఉన్నాయిగాని కిటికీని చూడడం లేదు. పెట్టె కింద లాయరుగారి నల్లకోటు. వెంట్రుకలు కాలిన వాసన మొదలైంది.

లేచి పెట్టె ఎత్తబోతే అమ్మ చెయ్యి దానితోపాటే వచ్చింది. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. తనకేం కాలేదంది. మాట ముద్దముద్దగా వచ్చింది, మెడ మీద చెమట చల్లగా ఉంది. నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి గ్లాసు పెదాలకు ఆనించాను. పావుగంటకు మనిషి తిరిగొచ్చింది. రావడం రావడం కోటు చూసింది. వీపు మీద పెట్టె ఆకారం ముక్కుతో సహా దిగిపోయింది. బొటనవేలితో దాన్ని రుద్దుతూ కూర్చుంది, రుద్దితే పోతుందన్నట్టు.

అమ్మ చక్కెర జబ్బుది ఇంచుమించు నా వయసే. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ సూది. చక్కెర పెరగడం గురించి అందరూ చెబుతారుగాని ఆవిడకు గండం అది పడిపోవడంతోనే. ఒకప్పుడు పడిపోబోయే ముందు చేతులు వణికేవట, గుండె దడదడలాడేదట, ఆవిడే పరిగెత్తుకెళ్ళి ఏదో ఒకటి నోట్లో వేసుకునేదట. మాటిమాటికీ పడిపోయీ పడిపోయీ ఒంటికి అదే అలవాటైపోయింది, అందుకే ముందస్తు కబురు పంపడం మానేసిందని మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. కొన్నాళ్ళపాటు ఒక్కసారి కూడా పడనివ్వకపోతే ఒళ్ళు మళ్ళీ కబురు పంపడం నేర్చుకోవచ్చు, నేర్చుకోకపోవచ్చు కూడా అన్నాడు. ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టాడు. నెల రోజులు మతి తప్పకుండా గడిస్తేగాని ఇస్త్రీపెట్టె దగ్గర ఒంటరిగా నిలబడడానికి వీల్లేదు. పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

ఎవరో ఒకరంటే మా ఇంట్లో నేనే. ఊరికి ఆ చివర పుస్తకాలు కుట్టే కార్ఖానాలో నాకు పని ఖాయమై ఉంది. అక్కడి పెద్దావిడ వానలు మొదలయ్యేదాకా నా పీట ఖాళీగా ఉంచుతానంది. నా సంగతి ఎలా ఉన్నా, అమ్మకు ఆ బల్ల పోతే ఏమీ మిగలదు. ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే ముందుగదిలో తానే అడిగి వేయించుకున్న బల్ల అది.

కోటు సంగతి చెప్పడానికి నేనే వెళ్ళాను. లాయరుగారు కాలిన చోటు వేలితో తడిమి, ఎదుటివాళ్ళు తన ముఖమే చూస్తారుగాని వీపు చూడరనీ, దాని మీద ఎలాగూ నల్లగౌను తొడుక్కుంటాననీ అన్నారు. అమ్మకు ఎలా ఉందని మూడుసార్లు అడిగారు. మర్నాడు మళ్ళీ బట్టల మూట పంపించారు.

ఆ వారమే ఆసుపత్రి నర్సు అమ్మ ఎడమ జబ్బ వెనక ఒక బిళ్ళ అంటించింది. కోటు గుండీకి రెండింతలుంటుంది. దాని అడుగున వెంట్రుకంత తీగ చర్మం కిందికి దిగి ఉంటుంది. అయిదు నిమిషాలకోసారి చక్కెర అంకె ఫోనులోకి వస్తుంది, పక్కన ఒక బాణం వస్తుంది. చక్కెర ఎక్కుతుంటే పైకి, దిగుతుంటే కిందికి, నిలకడగా ఉంటే అడ్డంగా. డెబ్బైకి దిగితే గంట మోగుతుంది. ఇంకా చాలా చెప్పింది నర్సు. ఒక కాగితం కూడా ఇచ్చింది. మేం గంట మోగడం దగ్గరే ఆగిపోయాం, మిగతావి చెవికెక్కలేదు.

ఇక మా నాన్న. తూకాలు బాగుచేసే మేస్త్రి. కొట్లలోని తక్కెళ్ళు, కాటాలు, ముల్లున్న తూకాలు, అంకెలు చూపే తూకాలు, ఏది తప్పు చూపించినా ఆయన దగ్గరికే వస్తాయి. వీధిలో అందరూ ముల్లు మేస్త్రి అంటారు. నాన్నకు లోకంలో నమ్మకమైన వస్తువొక్కటే, సర్కారు ముద్ర వేసిన తూకపు రాయి. దాన్ని పళ్ళెంలో పెట్టి సరిచూడనిదే పక్కింటివాళ్ళ గడియారాన్ని కూడా నమ్మడని అమ్మ వేళాకోళం. బిళ్ళ అంటించిన రోజునే ఆయన నర్సును అడిగాడు, దీనికి ముద్ర వేసిందెవరని.

"ఇది కొట్టు తక్కెడ కాదు మేస్త్రిగారూ" అని నవ్విందావిడ.

"తూచేదేదైనా తక్కెడే నర్సమ్మా" అన్నాడు నాన్న. ఆయన నవ్వలేదు.

మర్నాటి నుంచి పరీక్ష మొదలు. వేలికి సూది గుచ్చి చుక్క రక్తంతో చూసే పాత మిషను ఇంట్లో ఉండనే ఉంది. అది నాన్న లెక్కలో ముద్ర వేసిన రాయి. పొద్దున ఫలహారం అయ్యాక, తను సంచి సర్దుకుని పనికి వెళ్ళబోయే ముందు, అమ్మ వేలు గుచ్చేవాడు. చుక్క ఎంత చెప్పింది, బిళ్ళ ఎంత చెప్పింది, రెండూ పుస్తకంలో రాసేవాడు. నూట యాభై ఎనిమిదికి నూట ముప్పై ఆరు. నూట డెబ్బై ఒకటికి నూట యాభై. నూట నలభై తొమ్మిదికి నూట ముప్పై. నాలుగోనాడు తేల్చేశాడు. తూకం తప్పుడుదేం కాదు, కాకపోతే ఇరవై తక్కువ చూపిస్తోంది. అలాంటి తూకాల మీద ఆయన చీటీ అంటించి ఇస్తుంటాడు, ఇంత కలుపుకోండి, ఇంత తీసెయ్యండి అని. కాగితం ముక్క కత్తిరించి, గుండ్రటి అక్షరాలతో 'ఇరవై కలపాలి' అని రాసి, ఫోను నెత్తిన జిగురుతో అంటించాడు. గంటను కూడా డెబ్బై నుంచి అరవైకి దించాడు. అరవై అని చూపిస్తే అసలు ఎనభై ఉన్నట్టే కదా, ఊరికే జడిపించడమెందుకన్నాడు.

అమ్మకు ఆ చీటీ తెగ నచ్చింది. మొదటి నాలుగు రోజులు గంట మోగినప్పుడల్లా నేను గ్లాసు పట్టుకుని వచ్చేదాన్ని. అత్తగారు లేని లోటు ఈ ఫోను తీర్చిందని ఆవిడ సణిగేది. చీటీ పడ్డాక అత్తగారి నోరు మూతపడింది. పెట్టె చప్పుడు ఎప్పటిలా సాగింది. నాకూ నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది. మా నాన్న సరిచూసిన తూకాన్ని అనుమానించాలని ఇరవై నాలుగేళ్ళలో నాకెప్పుడూ తోచలేదు.

డాక్టరు పెట్టిన నెలలో పదకొండో రోజు. పదకొండు గంటల వేళ. ఫోను డెబ్బై నాలుగు చూపిస్తోంది, బాణం కిందికి వాలి ఉంది. ఇరవై కలిపితే తొంభై నాలుగు. పెరట్లో ఆరేసిన దుప్పట్లు ఎండకు బిర్రబిగుసుకుపోకుండా తీసుకొస్తానని చెప్పి వెళ్ళాను. ఎక్కువసేపు పట్టలేదు. ఆరు దుప్పట్లు, రెండు గలీబులు.

తిరిగి వచ్చేసరికి అమ్మ ఒక దిండు గలీబును మడుస్తోంది. మడిచింది, విప్పింది. అంచులు కలిపి చాలా శ్రద్ధగా మళ్ళీ మడిచింది, మళ్ళీ విప్పింది. పెట్టె పక్కకు ఒరిగి ఉంది. దాని అంచుకు ఆవిడ ముంజేయి ఆనుకుని ఉంది. ఆవిడకు తెలియడం లేదు.

చెయ్యి లాగాను. చక్కెర నీళ్ళు తాగించాను. వేలు గుచ్చాను. చుక్క నలభై ఏడు అంది. ఫోను అరవై ఆరు అంటూ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది.

సాయంత్రం నాన్న వచ్చి అమ్మ ముంజేతి మీది కట్టు చూశాడు. సంచి దించకుండా అలాగే నిలబడ్డాడు. అమ్మే మాట కలిపింది, చెయ్యి కాలింది, ఆకులేవైనా తెచ్చారా అని. ఆయన నవ్వలేదు. లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చి, బల్ల తీసేద్దాం అన్నాడు. తన తూకాలు చాలు ఇల్లు గడవడానికన్నాడు.

"బల్ల తీసేస్తే ఆ చోట నన్ను నిలబెట్టండి" అంది అమ్మ. "వచ్చేపోయేవాళ్ళు చూసుకుంటారు."

ఆ మాట నన్ను మూడు రోజులు వదల్లేదు. నేను మాటల మనిషిని కాను. బళ్ళో కూడా పంతులుగారు అడిగితేగాని నోరు విప్పేదాన్ని కాదు. కాకపోతే ఏదైనా ఒక పక్కన కూర్చుని చూస్తూ ఉండమంటే ఎంతసేపైనా చూస్తాను. నాన్న పుస్తకం తీసి చూశాను. ఆయన రాసిన జతలన్నీ ఫలహారం అయిన అరగంటకు. అప్పుడు చక్కెర ఎక్కుతూ ఉంటుంది. బాణం ఎప్పుడూ పైకే. అమ్మ మతి తప్పిన రోజున మాత్రం బాణం కిందికి ఉంది, ఆ రోజు తేడా తిరగబడింది. చుక్క కంటే బిళ్ళే ఎక్కువ చూపించింది.

అమ్మ వేలును బతిమాలుకున్నాను. ఈ వేళ్ళకు ఇక తోలే మిగల్లేదు, వీటితో పిండి జల్లెడ పట్టుకో అంటూనే ఇచ్చింది. మధ్యాహ్న భోజనానికి ముందు, బాణం కాస్త వాలినప్పుడు చూశాను. చుక్క తొంభై రెండు, బిళ్ళ నూట ఎనిమిది. మర్నాడు అదే వేళకు నూట ఒకటి, నూట పదిహేను. బాణం అడ్డంగా ఉన్న సాయంత్రం రెండూ అక్కచెల్లెళ్ళలా కలిసి నడిచాయి. అప్పుడు నర్సు ఇచ్చిన కాగితం తీశాను. రెండో పేజీలో ఉండనే ఉంది. బిళ్ళ రక్తాన్ని కాదు, చర్మం కింది నీటిని చూస్తుంది, అందువల్ల రక్తం కంటే పది పదిహేను నిమిషాలు వెనకబడుతుంది అని. ఎక్కేటప్పుడు వెనకబడితే తక్కువ చూపిస్తుంది. దిగేటప్పుడు వెనకబడితే ఎక్కువ చూపిస్తుంది. ఆ ఎక్కువకు మేం ఇంకో ఇరవై కలిపాం.

ఈ మాట నాన్నతో ఎలా అనాలో తెలియలేదు. ముల్లు మేస్త్రికి తూకం గురించి కూతురు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. పుస్తకంలో ఒక్కో జత పక్కన బాణం గీశాను, పైకి, కిందికి, అడ్డంగా. నేను చూసినవి కూడా వరసలో రాసి, పుస్తకాన్ని ఆయన పనిముట్ల పక్కన పెట్టి వచ్చేశాను.

మర్నాడు నాన్న పనికి వెళ్ళలేదు. బాగుచేయడానికి వచ్చిన వేలాడే తూకం ఒకటి ముందేసుకుని కూర్చున్నాడు. గంటకోసారి లేచి వచ్చి అమ్మ వేలు గుచ్చి రాసుకుని పోయాడు. అమ్మ ప్రతిసారీ చెయ్యి చాపింది. మధ్యాహ్నం నన్ను పిలిచాడు. తూకం కొక్కేనికి ఒక రాయి తగిలించాడు. ముల్లు అటూ ఇటూ ఊగుతోంది. అది ఊగుతుండగానే ఎంతో చెప్పమన్నాడు. అప్పుడే ఎలా చెప్పను అన్నాను.

"ముల్లు నిలబడకుండా చదివిన పనివాణ్ణి నేనైతే ఇంటికి పంపించేస్తాను" అన్నాడు, నెమ్మదిగా, తూకం వైపే చూస్తూ.

ఫోను తీసుకుని చీటీని గోటితో గీకాడు. సగమే ఊడింది. గుడ్డకు కిరసనాయిలు అద్ది మిగతాది తుడిచాడు. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి, తప్పు దానిది కాదు, నాది అన్నాడు అమ్మతో. అమ్మ పెట్టె పక్కకు నిలబెట్టి, నా వైపు తిరిగి, ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట వినడం ఇదే మొదలనీ, తారీకు వేసి ఆ పుస్తకంలో రాసుకోమనీ అంది. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. బల్ల తీసే మాట మళ్ళీ ఎత్తలేదు.

నాన్నా నేనూ అమ్మను తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాం. నాన్నే దాచకుండా చెప్పాడు చీటీ సంగతి. నర్సు మమ్మల్ని తిట్టలేదు. కొందరు బిళ్ళ మీద దిండు పెట్టుకుని పడుకుని తప్పు చూపిస్తోందంటారు, కొందరు గంట నోరు నొక్కేస్తారు, చీటీ అంటించినవాళ్ళు మాత్రం మీరే మేస్త్రిగారూ అంది. డాక్టరు పొద్దుటి ఇన్సులిన్ కొంచెం తగ్గించాడు. పదిన్నరకు ఒక పండో రెండు బిస్కెట్లో తినాలన్నాడు. గంటను ఎనభై అయిదుకు పెంచి, అంకె కంటే బాణాన్ని ఎక్కువ చూడమన్నాడు. బాణం కిందికి ఉంటే అంకె ఎంత బాగున్నా నమ్మొద్దు. నెల మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

ఆ నెలలో ఎండలు మాడ్చేశాయి. ముందుగదిలో పెట్టె వేడి ఒకటి. చెమటకు బిళ్ళ అంచులు లేస్తే పైన గుడ్డపట్టీ చుట్టాం. పది రోజులకో బిళ్ళ మార్చాం. గంట రోజుకు రెండు మూడుసార్లు మోగేది, కాని ముందుగా మోగేది. అమ్మ పెట్టె నిలబెట్టి, మంచంలో పడ్డ అత్తగారికి బదులిచ్చినట్టు వస్తున్నా వస్తున్నా అంటూ చక్కెర నీళ్ళు తాగేది. తాగాక పది నిమిషాలైనా ఫోను ఇంకా తక్కువే చూపిస్తుంటే నా చెయ్యి ఆగేది కాదు, మరో చెంచా కలపబోయేదాన్ని. నాన్న ఇంట్లో ఉంటే నా మణికట్టు పట్టుకునేవాడు. ముల్లు నిలబడనీ అనేవాడు. పావుగంటకు వేలు గుచ్చితే చుక్క నూట పది అని చెప్పేది. మెల్లగా బాణం కూడా ఆ మాటే ఒప్పుకునేది.

పదిరోజులు గడిచాయి. పదిహేను గడిచాయి. మేం ముగ్గురం ఎన్నో రోజో పైకి చెప్పుకోలేదు, దిష్టి తగులుతుందన్నట్టు.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం చిలకరించిన చుట్టలు నేను అందిస్తున్నాను, అమ్మ ఒక్కొక్కటే విప్పుతోంది. నాన్న అన్నానికి ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. పెట్టె చప్పుడు ఆగింది. నా చేతిలోని చుట్ట కింద పడింది. తల ఎత్తేసరికి అమ్మ పెట్టెను దాని మడమ మీద సరిగ్గా నిలబెడుతోంది. స్విచ్చి ఆపింది. స్టూలు లాక్కుని కూర్చుంది. అరచేతులు రెండూ తిప్పి చూసుకుంటోంది.

"చేతులు చెమటలు పడుతున్నాయే. లోపల వణుకుగా ఉంది. కాస్త చక్కెర కలుపు."

నేను ఫోను చూశాను. తొంభై ఒకటి, బాణం కిందికి. గంట ఇంకా మోగలేదు. నాన్న వచ్చి వేలు గుచ్చాడు. చుక్క డెబ్బై. అమ్మ సగం గ్లాసు తాగిందో లేదో ఫోను గంట మోగింది.

ముగ్గురం దానివైపు చూశాం. నాన్న చెయ్యి జాచి గంట ఆపాడు. సూది మిషను కిందపెట్టి, తల తుడుచుకునే తువ్వాలు తీసుకుని అమ్మ అరచేతులు తుడవడం మొదలుపెట్టాడు. ముందు ఒకటి, తర్వాత రెండోది. ఆరిన చెయ్యినే మళ్ళీ తుడిచాడు. ఎదురుగా జనం నడుస్తున్న వీధి ఉందనీ, తలుపు తీసి ఉందనీ అమ్మ అంది. కాని చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

నేను కింద పడ్డ చుట్టను ఎత్తి మళ్ళీ నీళ్ళు చిలకరించాను. నా వేళ్ళు వణుకుతున్నాయి. నాకు చక్కెర జబ్బు లేదు.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు ఫోను కంటే అమ్మే ముందు చెప్పింది. ఒకసారి ఫోనే ముందు చెప్పింది, అమ్మకు తెలియలేదు. ప్రతిసారీ తెలుస్తుందని అనుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఒళ్ళు ఒక కాపలా, బిళ్ళ ఇంకో కాపలా, ఒకటి కునుకు తీస్తే ఇంకోటి ఉంటుందన్నాడు. నెల నిండగానే, పెట్టె దగ్గర ఇక ఒంటరిగా నిలబడవచ్చని కాగితం మీద రాసి ఇచ్చాడు. అమ్మ ఆ కాగితాన్ని కూడా ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టింది.

మొదటి వాన పడ్డ మర్నాడు కార్ఖానా పెద్దావిడకు కబురు పంపాను, సోమవారం వస్తానని. ఆ శనివారం పొద్దున ఇంట్లో ముగ్గురమే ఉన్నాం. నాన్న, నేను టీ తాగుతున్నాం. వీధి తడిగా ఉంది, గాలి చల్లగా ఉంది. అమ్మ ఆఖరి చొక్కా మడిచి దొంతర మీద పెట్టింది. దుప్పటి నాలుగు చెంగులూ దగ్గరికి తెచ్చి ముడి వేసింది. ఇస్త్రీ అయిన బట్టలు ఇళ్ళకు చేర్చింది ఈ ఎండాకాలమంతా నేనే. టీ గ్లాసు కింద పెట్టి లేవబోయాను.

అమ్మ మూట ఎత్తి చంకన పెట్టుకుంది. ఫోను తీసుకుని బొడ్లో దోపుకుంది. రెండు బిస్కెట్లు కాగితంలో చుట్టి పెట్టుకుంది. నాన్న సగం లేచాడు. నేను ఆయన వైపు చూశాను, ఆయన నా వైపు చూశాడు. నెమ్మదిగా మళ్ళీ కూర్చున్నాడు. ఫోను ఆవిడ దగ్గరే ఉంది. మా ఇద్దరి దగ్గరా చూసుకోడానికి ఏ అంకే లేదు.

అమ్మ గుమ్మంలో చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. మూట రెండో చంకకు మార్చుకుని, మెట్ల మీది నీటిని చూసి దాటుకుని, వీధిలోకి వెళ్ళిపోయింది.